ముందు నీళ్లు పారబోసిందెవరు?

"దాన్ని ఎక్కణ్నుంచి దించావో అక్కడే పెట్టు," అన్నాడు హోబర్ట్.

ఓలెటా వినిపించుకోలేదు. స్టూలెక్కి అలమర మీంచి రెండో క్యారేజీ కూడా దించింది. ఏప్రన్ అంచుతో దుమ్ము తుడిచి, మొదటిదాని పక్కన, సరిగ్గా మొగుడి కాఫీ కప్పుకు ఎదురుగా పెట్టింది. రెండూ గని కార్మికులు మోసే గుండ్రటి అల్యూమినియం క్యారేజీలే. అడుగు గిన్నెలో నీళ్లు, పై గిన్నెలో తిండి. సొట్టలు పడ్డది హోబర్ట్‌ది. కాస్త కొత్తగా కనిపించేది కొడుకు ఎమరీది. ఈ రెండేళ్లలో రెండూ పైనీ ఫోర్క్ గని మొహం చూడలేదు.

ముందు గదిలో ఫోను మోగుతూనే ఉంది. పొద్దున రిచ్‌మండ్ అప్పీలు కోర్టు కబురు తెలిసిన దగ్గర్నుంచి దానికి ఊపిరాడటం లేదు.

"సోమవారం పనిలోకి పోతున్నాను. నా క్యారేజీ దించావు, బాగుంది. వాడిదెందుకు?"

"ఆ రోజు రెండూ కలిసే ఇంటికొచ్చాయి. దిగితే రెండూ కలిసే దిగుతాయి."

హోబర్ట్ కాఫీ కప్పు ఎత్తాడు. యూనియన్ అధ్యక్షుడాయన. హాల్లో మాట్లాడమంటే మైకు లాక్కుంటే తప్ప దిగడు. ఇంట్లో మాత్రం ఉప్పు కావాలన్నా వేలు చూపిస్తాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఓలెటా ఆ వేలు చూసే ఉప్పు అందిస్తోంది. ఇవాళ ఆమెకు ఆ వేలు విరిచెయ్యాలనిపించింది.

కోర్టు ఒకటే, పొద్దు ఒకటే. తీర్పులు మాత్రం రెండు.

మొదటిది యూనియన్‌ది. రెండేళ్ల కిందట పని మానేసి వెనక్కి తిరిగిన ముప్ఫైమంది పైచిలుకు మనుషుల్ని కంపెనీ తీసేసింది. ఒప్పందం నడుస్తుండగా సమ్మె చెయ్యబోమని సంతకాలు పెట్టారు కదా అంది. తగవు తీర్చడానికి రెండు పక్షాలూ పెట్టుకున్న మధ్యవర్తి మాత్రం వేరే మాట చెప్పాడు. యూనియన్ సమ్మెకు పిలవలేదు, యూనియన్ పెద్దలెవరూ ముందు నడవలేదు, ఎవరికి వాళ్లే ఇంటికి పోయారు, కాబట్టి తీసెయ్యడం చెల్లదన్నాడు. కంపెనీ కోర్టుకెక్కింది. మధ్యవర్తి మాటను మేం కదపం, మనుషుల్ని పనిలో పెట్టుకోండి అంది అప్పీలు కోర్టు. సోమవారం మొదటి షిఫ్టు. పనితో పాటే వైద్యం ఖర్చు కంపెనీ భరించే ఆస్పత్రి కార్డు కూడా తిరిగొస్తుంది. ఈ లోయలో బొగ్గు దుమ్ము తిన్న ఊపిరితిత్తులు లేని ఇల్లు లేదు. ఆ కార్డు లేక ముసలివాళ్లు మాత్రలు విరిచి సగం సగం మింగుతున్నారు.

రెండో తీర్పు ఎమరీది. పని ఆగిన మూడోరోజు వాడు బొగ్గు మోసే బెల్టు కోశాడు. కోసిన మాట నిజం, ఒప్పుకున్నాడు కూడా. దానికి పడిన శిక్ష గురించి ఓలెటా ఎవరి దగ్గరా ఏడవలేదు. కానీ అసలు పని ఆపించిందే ఇతను, మిగతావాళ్లను నడిపించిందే ఇతను అని కింది కోర్టు జడ్జి దాని మీద ఇంకో మూడేళ్లు ఎక్కించాడు. ఆ మూడేళ్లూ సరిగ్గా విచారించి వేసినవి కావు, మళ్లీ విని మళ్లీ శిక్ష వెయ్యండి అంది అదే అప్పీలు కోర్టు.

ఊరంతా రెండు గెలుపులనుకుంటోంది. ఒకటి నిలబడాలంటే రెండోది పడిపోవాల్సిందేనని ఆ వంటింట్లో ఉన్న ఇద్దరికే తెలుసు.

తలుపు కొట్టకుండా వెర్నా లోపలికొచ్చింది. పక్కింటావిడ. యూనియన్‌లో భద్రతా కమిటీ మనిషి లోన్జో ఎస్టెప్ భార్య. చేతిలో ఇనప పెనం, అందులో పొగలు కక్కుతున్న మొక్కజొన్న రొట్టె.

"వదినా! ఇవాళ కూడా మొహాలు ముడుచుక్కూర్చున్నారేంటి ఇద్దరూ! మా ఆయన అప్పుడే బూట్లకి నూనె రాసేస్తున్నాడు. మా మామగారైతే కార్డొచ్చిందా, కార్డొచ్చిందా అని పొద్దుట్నుంచీ ఒకటే గోల. ఇంక మన ఎమరీ కూడా..."

ఆవిడ చూపు బల్ల మీది క్యారేజీల మీద పడింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. వెర్నాకు మొహం దాచుకోవడం చేతకాదు. పేకాటకు కూర్చుంటే ఆవిడ చేతిలో ఏ ముక్కలున్నాయో బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలిసిపోతుంది.

"పెనం తర్వాత పట్టుకెళ్తాలే," అని వచ్చినంత వేగంగా వెళ్లిపోయింది.

కబుర్లు చెప్పకుండా వెర్నా వెళ్లడం ఓలెటాకు వింతగానే అనిపించింది. కానీ ఆ పూట ఆమెకు వెర్నా గురించి ఆలోచించే తీరిక లేదు.

"ఇన్నాళ్లూ అనలేదు. ఇవాళ అంటాను, విను," అంది మొగుడితో. "ఆ రోజు నీ క్యారేజీలో తిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. నీళ్లు చుక్క లేవు. వాడి క్యారేజీలో నీళ్లు అంచుదాకా ఉన్నాయి. రెండూ కడిగింది నేనే."

హోబర్ట్ కప్పు కింద పెట్టాడు.

ఇక్కడ సమ్మె అన్న మాట ఎవరూ నోట అనరు. అంటే ఒప్పందం తప్పినట్టు. అందుకని తాతల నాటి నుంచీ ఒక పద్ధతి. గని నోటి ముందు ఒకడు క్యారేజీ మూత తీసి, అడుగు గిన్నెలో నీళ్లు నేల మీద వంచేస్తాడు. నీళ్లు లేకుండా ఎవరూ లోపలికి దిగరు. గని పైకప్పు కూలి ఇరుక్కుపోతే ప్రాణం నిలిపేవి ఆ నీళ్లే. వాణ్ని చూసి పక్కవాడు వంచుతాడు, వాణ్ని చూసి ఇంకొకడు. కాసేపటికి నేలంతా తడి, మనుషులంతా ఇంటిదారి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, అంతే.

"వాడు అప్పటికి టోపీ దీపాలిచ్చే గదిలో ఉన్నాడు," అన్నాడు హోబర్ట్. "బయటికొచ్చేసరికి మేమంతా తిరిగొస్తున్నాం. నా వెనకే నడిచాడు. ఎందుకని కూడా అడగలేదు."

"మరి ముందు పోసింది నేనే అని పోలీసులతో ఎందుకన్నాడు?"

"నన్నడుగుతావేం? నీ కొడుకేగా."

"ఇప్పుడు నా కొడుకయ్యాడా?"

హోబర్ట్‌కు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఓలెటా చేతులు కట్టుకుని నిలబడింది. మంచినీళ్లు ఇవ్వలేదు.

"మూడో సెక్షన్ పైకప్పు ముందురోజంతా మాట్లాడుతూనే ఉంది ఓలీ," అన్నాడు. "కిర్రుమంటోంది, పెళ్లలు రాలుతున్నాయి. ఫోర్‌మన్‌కి చెబితే నవ్వాడు. నాకు కళ్లు బైర్లు కమ్మాయి. మూత తీశాను, వంచేశాను. మా నాన్న చేసిందే చేశాను."

"ఒప్పందంలో దారి లేదా?"

"ఉంది." ఆయన కాఫీ కప్పును పక్కకు నెట్టాడు. "ఉంది కాబట్టే చచ్చిపోతున్నాను. భద్రతా కమిటీ మనిషి ఇక్కడ ప్రమాదముంది అని ఒక్క మాటంటే చాలు, కంపెనీ మనుషుల్ని బయటికి పంపాల్సిందే. లోన్జో నా వెనకే ఉన్నాడు. వాడి వైపు తిరిగి, అను అని అంటే అయిపోయేది. తిరగలేదు. వెనక ఏదో నీళ్ల చప్పుడైనట్టుంది, పైపు కారుతోందనుకున్నాను. నా నీళ్లు నేను వంచాను. మూడోరోజు ఆ కప్పు కూలింది. కింద ఒక్కడు లేడు."

"అదే చెప్పు జడ్జికి."

"అధ్యక్షుణ్ని నేనే ముందు పోశానని చెప్పనా? యూనియన్ పెద్దలెవరూ ముందు నడవలేదనే కదే మధ్యవర్తి మన వైపు తీర్పిచ్చింది! ముందు పోసిందెవరని నన్నడిగితే, చూడలేదని ప్రమాణం చేసి చెప్పాను. ఇప్పుడు నోరు విప్పితే కంపెనీ ఆ సాయంత్రానికే కోర్టులో ఉంటుంది. అందరూ మళ్లీ రోడ్డు మీదే. లోన్జో వాళ్ల నాన్న గాలి మిషను మీద బతుకుతున్నాడు, తెలుసుగా?"

తెలుసు. అదే ఆమె బాధ. ఎదుటి మనిషి చెడ్డవాడైతే ఈ గొడవ ఎప్పుడో తెగిపోయేది.

* * *

మర్నాడు కోడలు షానా కారు నడుపుతుంటే ఓలెటా బెక్లీ టౌనుకు వెళ్లింది. లాయరు రోజలిండ్ టీగ్ ఆఫీసు మందుల షాపు పైన ఉంది. ఆవిడ మధ్యాహ్నం తిండి బిస్కెట్లే. కాగితాల మీద పడిన పొడిని చేత్తో దులుపుతూ మాట్లాడింది.

"గెలిచామని అప్పుడే అనకండి ఓలెటా గారూ. తలుపు తెరిచారు, అంతే. జడ్జి మళ్లీ మొదట్నుంచీ వింటాడు. ముందు నడిచింది ఎమరీయే అని సర్కారు ఈసారి సాక్షుల్ని తెస్తుంది. అది రుజువైతే ఆ మూడేళ్లు అలాగే ఉంటాయి. ఇంకా పెరిగినా నేను ఆశ్చర్యపోను."

"వాడు కాదని ఎవరైనా చెబితే?"

"ఎవరు?"

"వాడి క్యారేజీ కడిగిన మనిషి. నీళ్లు నిండుగా ఉన్నాయని చెబితే?"

పక్క కుర్చీలో షానా చటుక్కున తల తిప్పింది.

టీగ్ బిస్కెట్టు పక్కన పెట్టింది.

"ఆ మనిషికి నేనొక మాట చెప్పాలి," అంది జాగ్రత్తగా. "సాక్షి కుర్చీలో కూర్చున్నాక ఒక మూత తీసి రెండోది మూసి ఉంచడం కుదరదు. ఆ ఇంట్లో ఇంకో క్యారేజీ ఉందా, అదీ మీరే కడిగారా, అందులో ఏముంది అని సర్కారు లాయరు అడుగుతాడు. అబద్ధం చెబుతానంటే నేను పిలవను. నిజం చెబుతానంటే, ఇంటికెళ్లి ఆలోచించుకుని రమ్మంటాను."

తిరుగు ప్రయాణంలో షానా కొండ మలుపుల్లో కారును విసిరినట్టు తిప్పింది. ఆఖరికి రోడ్డు పక్కన ఆపేసింది.

"రెండేళ్లు! రెండేళ్లు నా పక్కనే కూర్చుని జైలుకొచ్చావు అత్తయ్యా. నా పిల్ల వాళ్ల నాన్న మెడ పట్టుకుని ఇంటికి రమ్మని ఏడుస్తుంటే చూశావు. నోరు మెదిపావా?"

"లేదు."

"ఎందుకని?"

"వాడు మెదపొద్దన్నాడు."

"వాడనడం, నువ్వు వినడం! మామయ్య వేలు చూపిస్తే ఉప్పు, కొడుకు కన్నెర్రజేస్తే మౌనం. నువ్వు ఆ ఇంట్లో మనిషివా, అలమరవా?"

ఆ మాట ఓలెటాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కోపం రాలేదు. సిగ్గేసింది. కోడలి ముందు సిగ్గుపడటం ఆమెకు ఇదే మొదలు.

"నడుపు," అంది. "నేను ఆ కుర్చీలో కూర్చుంటాను."

"మామయ్య ఒప్పుకోకపోతే?"

"నన్నడిగి పారబోశాడా ఆయన?"

* * *

శనివారం ఫోను వచ్చింది. ఎప్పట్లాగే ముందు ఆ మరబొమ్మ గొంతు, ఈ ఫోను ఫెడరల్ జైలు నుంచి వస్తోంది, మాటలు రికార్డవుతాయి అని. తర్వాత ఎమరీ.

"అమ్మా! నాన్న సోమవారం దిగుతున్నాడటగా!"

"దిగుతున్నాడు."

"దగ్గెలా ఉంది?"

"దగ్గులాగే ఉంది."

నవ్వాడు. ఆ నవ్వు విని ఓలెటాకు ఏడుపొచ్చింది, మింగేసింది.

"అమ్మా, నా సామాను ఎక్కడిదక్కడే ఉందా? అలమర మీద?"

"దించాను."

అవతల వేరే ఖైదీల మాటలు, ఎవరో గట్టిగా దగ్గడం వినిపించాయి. ఎమరీ గొంతు మారింది.

"మళ్లీ పెట్టెయ్."

"పెట్టను."

"అమ్మా, నా మాట విను. నేనొక్కణ్ని. అక్కడ ముప్ఫై ఇళ్లు. లెక్క వేసుకునే ఉన్నాను."

"నీకు లెక్కలెప్పుడొచ్చాయిరా? నాలుగో తరగతిదాకా నీ లెక్కలన్నీ నేనే చేశాను. నీ కూతురికి ముందు పళ్లు ఊడాయి. అది ఉందా నీ లెక్కలో? మీ ఆవిడ నాలుగు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అదుందా?"

రికార్డు వినేవాడికి అది ఏ ఇంట్లోనైనా జరిగే గొడవే. వినవలసిన వాడికి అంతా అర్థమైంది.

"నాన్నకి చెప్పావా?" అన్నాడు మెల్లగా.

"చెప్పబోతున్నాను."

"నాన్నని ఒంటరివాణ్ని చెయ్యకమ్మా."

"నిన్ను చేశాం కదరా," అంది ఓలెటా. ఇంకేదో అనబోయేలోపు ఫోను దానంతటదే తెగిపోయింది. జైలు ఫోన్లకు మర్యాదలు తెలియవు.

* * *

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, బీన్స్ పొయ్యి మీద పెట్టి, ఓలెటా మొగుడికి ఎదురుగా కూర్చుంది.

"విచారణ రోజున నేను వెళ్తున్నాను. వాడి మూత నేను తీస్తాను. రెండోది తియ్యమని అడిగితే అదీ తీస్తాను. నా చేత తీయించకు హోబర్ట్. నీది నువ్వే తీసుకో."

"నువ్వా కుర్చీలో కూర్చున్నావంటే, ఇంక ఈ ఇంట్లో..."

"ఊ, ఈ ఇంట్లో? వదిలేస్తావా? పో. నీకు ఉప్పెవరందిస్తారో చూస్తాను."

హోబర్ట్ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"నేనేమీ భయపడి దాచలేదు ఓలీ. నాకు జైలంటే భయం లేదు."

"తెలుసు. నీకు హాల్లో వాళ్ల మొహాలు చూడాలంటే భయం. నిన్ను అన్నా అన్నా అని పిలుస్తారు. రేపు పిలవరేమోనని."

బీన్స్ మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. మాడిన బీన్సే తిన్నారు. ఉప్పు సరిపోలేదు. హోబర్ట్ వేలు చూపించలేదు, లేచి తనే తెచ్చుకున్నాడు.

సోమవారం పొద్దున ఆమె ఎప్పట్లాగే రొట్టె ముక్కల మధ్య మాంసం పెట్టి, యాపిల్ తుడిచి పై గిన్నెలో సర్దింది. అడుగు గిన్నె ఖాళీగా వదిలేసింది.

"నీళ్లు నువ్వే పోసుకో," అంది.

హోబర్ట్ కుళాయి దగ్గర నిలబడి పోసుకున్నాడు. అలవాటు లేని పని, సగం సింకులోకే పోయాయి. ఆమె చూసింది గానీ సాయం చెయ్యలేదు. అతను వెళ్లాక ఎమరీ క్యారేజీని అంచుదాకా నింపి, మూత పెట్టి, పక్క గదిలో పడుకున్న షానాను లేపింది.

* * *

గని నోటి ముందు పెళ్లి సందడి. భుజాలు చరుచుకోవడాలు, పాత బూతు జోకులు. ఆడవాళ్లంతా తీగ కంచె బయట నిలబడ్డారు. కంపెనీ సూపరింటెండెంటు తెల్ల హెల్మెట్ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఇష్టం లేని పెళ్లికి వచ్చిన చుట్టంలా నిలబడ్డాడు. మనుషుల్ని లోపలికి మోసుకెళ్లే పొట్టి బండి పట్టాల మీద సిద్ధంగా ఉంది.

అందరికన్నా ముందు హోబర్ట్. అది అధ్యక్షుడి మర్యాద. అతని వెనకే లోన్జో.

ఓలెటా కంచె దగ్గరికొచ్చి నిలబడింది. రెండు చేతులా కొడుకు క్యారేజీ. ఇక్కణ్నుంచి తిన్నగా బెక్లీ వెళ్లాలని, టీగ్ ఆఫీసు తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చోవాలని ఆమె నిర్ణయించుకుని వచ్చింది. అతను దిగినా వెళ్తుంది, దిగకపోయినా వెళ్తుంది. ఆ సంగతి అతనికి తెలిస్తే చాలు.

హోబర్ట్ బండి మీద కాలు పెట్టాడు. తలెత్తి ఆమెను చూశాడు. క్యారేజీని చూశాడు. పెట్టిన కాలు వెనక్కి తీశాడు.

"ఒక్క మాట," అన్నాడు. హాల్లో మైకులో మోగే గొంతు కాదది. ఇంట్లో నోట్లోనే ఆగిపోయే గొంతూ కాదు. "మీరు లోపలికెళ్లే ముందు వినాల్సిందొకటుంది. ఆ రోజు ముందు పోసింది ఎమరీ కాదు. వాడసలు పొయ్యనే లేదు. పోసింది నేను. మధ్యవర్తి ఎదుట, ఎవరు పోశారో చూడలేదని చెప్పాను. అబద్ధం చెప్పాను. ఇవాళ బెక్లీ వెళ్లి నిజం చెబుతాను. దాని వల్ల మీ పని పోవచ్చు, కార్డు పోవచ్చు. మీ మొహం చూసి చెప్పకుండా వెళ్లడం నావల్ల కాలేదు."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సూపరింటెండెంటు చేతులు వెనక నుంచి ముందుకొచ్చాయి, ఒక చేతిలో ఫోనుంది.

"నోర్మూసుకో అన్నా!" అని ఎవడో అరిచాడు. "రెండేళ్లు పస్తులున్నది ఇందుకా?"

"నీ కొడుకు కోసం మా పిల్లల నోళ్లు కొడతావా?" అని ఇంకొకడు.

ఓలెటా కంచె తీగ గట్టిగా పట్టుకుంది. మొగుడి మీద అంత ప్రేమ ఆమెకు పెళ్లినాడు కూడా కలగలేదు. అంత భయమూ కలగలేదు.

"ఆగండ్రా," అన్నాడు లోన్జో.

భారీ మనిషి. మెల్లగా ముందుకొచ్చి హోబర్ట్ పక్కన నిలబడ్డాడు. సూపరింటెండెంటుకు కూడా వినపడేలా మాట్లాడాడు.

"ముందు పోసింది హోబర్టన్న కాదు. నేను. అన్న వీపు నావైపుంది. నేను వంచాకే అన్న మూత తీశాడు. భద్రతా కమిటీ మనిషిని నేను. ప్రమాదముందని నోటితో అనాల్సింది. నోరు రాలేదు, చెయ్యొచ్చింది. కమిటీ మనిషి మనుషుల్ని ఆపితే అది సమ్మె కాదు. ఒప్పందంలో నాకిచ్చిన హక్కది."

వెంటనే ఒక్కసారి గోల. అయితే పని పోదా అని ఒకడు, ఇన్నాళ్లూ ఏం పీకావురా అని ఇంకొకడు. హోబర్ట్ లోన్జో మొహంలోకి చూస్తున్నాడు. వెనక నీళ్ల చప్పుడైందన్న మాట అతనికీ గుర్తొచ్చినట్టే ఉంది.

ఓలెటాకూ గుర్తొచ్చింది. ఇది నిజమైతే కొడుకు ఇంటికొస్తాడు, మొగుడు బయటపడతాడు, ముప్ఫై ఇళ్లూ నిలబడతాయి. ఎంత బాగా అతికింది! అంత బాగా అతికిందనే ఆమెకు అనుమానం. గాలి మిషను మీదున్న తండ్రి కోసం మనిషి ఏమైనా అంటాడు. తండ్రి కోసమే ఎమరీ కూడా అన్నాడు. ఒకరి కోసం ఒకరు చెప్పిన అబద్ధాలతోనే ఈ ఊరు ఇక్కడిదాకా వచ్చింది. ఇంకొకటి మీద పడితే ఈసారి కోర్టులో అందరూ కలిసే మునుగుతారు.

మధ్యవర్తికి చెప్పనిది, జడ్జికి చెప్పనిది, ఆ పూట క్యారేజీ కడిగే మనిషికి తెలుస్తుంది.

ఆమె పక్కకు తిరిగింది. కంచె వెంబడి నాలుగడుగుల దూరంలో వెర్నా నిలబడి ఉంది, తల వంచుకుని.

"వెర్నా," అంది ఓలెటా. గొంతు పెంచకపోయినా అందరికీ వినపడింది. "ఆ రోజు మీ ఆయన క్యారేజీ కడిగింది నువ్వేగా. ఇంటికొచ్చి నీతో ఏమన్నాడు?"

కంచెకు అటువైపు మగవాళ్లంతా ఇటు తిరిగారు. లోన్జో నోరు తెరవబోయాడు.

"నువ్వు మాట్లాడకు లోన్జో," అంది ఓలెటా. "నేనడిగింది దాన్ని."

వెర్నా మెల్లగా తలెత్తింది. ఓలెటా ఆ మొహంలోకే చూస్తోంది. మొన్న బల్ల మీది క్యారేజీల్ని చూసి నవ్వు ఆగిపోయిన మొహమే అది, ఏదీ దాచుకోలేని మొహం.